30 గజాల దగ్గర చిట్లిన బుల్లెట్: జింక వేటలో వేగానికీ నిర్మాణానికీ మధ్య లెక్క

"అన్నా, 290 గజాల దూరంలో పనిచేసిన బుల్లెట్ 30 గజాల దగ్గర పనిచేయకపోవడం ఎలా సాధ్యం?" అమెరికాలోని విస్కాన్సిన్‌ రాష్ట్రంలో ఉండే ఒక తెలుగు మిత్రుడు గాయపడిన జింకను వెతికి పట్టుకున్న మర్నాడు నన్ను అడిగిన ప్రశ్న ఇది. రైఫిల్ ఒకటే, కార్ట్రిడ్జ్‌లు (మందూ బుల్లెట్టూ కలిసి ఉండే తూటాలు) ఒకే పెట్టెలోవి, ట్రిగ్గర్ నొక్కిన మనిషీ ఒకడే. దూరపు జింక నలభై అడుగుల్లో పడిపోయింది. దగ్గరి జింక ఒక రాత్రంతా బాధపడింది. ఈ కేసును పూర్తిగా రాయడానికి కారణం, చాలామంది వేటగాళ్లు ఈ ప్రమాదాన్ని తిరగేసి అర్థం చేసుకోవడమే. దూరపు షాట్ గురించే భయపడతారు, బుల్లెట్‌ను దూరం కోసమే ఎంచుకుంటారు. కానీ వేగంగా పోయే కార్ట్రిడ్జ్ చేతిలో ఉన్నప్పుడు బుల్లెట్‌కు అసలు పరీక్ష దగ్గరి షాట్.

నేను వృత్తిరీత్యా మెకానికల్ ఇంజినీరును. హంటర్ ఎడ్యుకేషన్ తరగతుల్లో స్వచ్ఛందంగా బోధిస్తాను, నా కార్ట్రిడ్జ్‌లు ఇంట్లోనే నింపుకుంటాను. విస్కాన్సిన్‌లో 1973 జనవరి 1న, ఆ తర్వాత పుట్టినవారు లైసెన్సు కొనాలంటే సాధారణంగా ఆ కోర్సు పూర్తిచేసి ఉండాలి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది కాబట్టి ఇక్కడికొచ్చిన తెలుగువారిలో చాలామందికి తుపాకీ కూడా కొత్తే, వేట కూడా కొత్తే. అందుకే మొదటి కార్ట్రిడ్జ్ పెట్టెను దుకాణంలో ఎవరో చెప్పిన మాట మీదనో, పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉన్న వేగాన్ని చూసో కొంటారు. మిత్రుడు చేసిందీ అదే. అతని అనుమతితో, పేరు లేకుండా ఈ వివరాలు రాస్తున్నాను.

చోటు, రైఫిల్, కార్ట్రిడ్జ్

రాష్ట్రానికి నైరుతి మూలన ఉన్న డ్రిఫ్ట్‌లెస్ ప్రాంతం. మంచుయుగంలో హిమానీనదాలు చదును చేయకుండా వదిలేసిన నేల అది. నిటారైన గుట్టలు, వాటి మధ్య ఇరుకు లోయలు, అడుగున వాగులు. గుట్ట అంచున ఓక్ చెట్టుకు కట్టిన మంచె ఎక్కి కూర్చుంటే వెనక అడవిలో ముప్పై గజాలకు మించి కనిపించదు. ముందు వైపు లోయకు అవతల కోసేసిన సోయాచేను మూడు వందల గజాల దాకా కనిపిస్తుంది. ఒకే మంచె మీద నుంచి ఒకే ఉదయం రెండు రకాల షాట్లు రావచ్చు. ఈ కేసంతా ఆ నేల తీరు నుంచే పుట్టింది.

రైఫిల్ .300 విన్‌చెస్టర్ మాగ్నమ్. 1963లో వచ్చిన ఈ కార్ట్రిడ్జ్ ఎల్క్, మూస్ వంటి పెద్ద జంతువులకు కూడా చాలుతుంది. వైట్‌టెయిల్ జింకకు అది అవసరానికి మించిన బలం, అయినా వాడేవాళ్లు చాలామందే ఉన్నారు. మిత్రుడు వాడింది 150 గ్రెయిన్ల, అంటే దాదాపు 9.7 గ్రాముల బుల్లెట్. పలుచని రాగి తొడుగు, లోపల సీసం, ఆ రెండింటినీ కలిపి పట్టి ఉంచే ఏర్పాటేమీ లేని మామూలు నిర్మాణం. పెట్టె మీద రాసిన వేగం సెకనుకు 3,290 అడుగులు. 24 అంగుళాల బ్యారెల్ నుంచి వేగాన్ని కొలిచే క్రోనోగ్రాఫ్ మీద కాల్చి చూస్తే ఆ అంకెకు చాలా దగ్గరగానే వచ్చింది.

అంతకు ముందు ఏడాది ఇదే కార్ట్రిడ్జ్‌తో సోయాచేనులో పక్కకు తిరిగి నిలబడ్డ ఆడ జింకను 290 గజాల దగ్గర కాల్చాడు. బుల్లెట్ పక్కటెముకల మధ్య నుంచి దూరి రెండు ఊపిరితిత్తులనూ చీల్చుకుని అవతలి వైపు నుంచి బయటకు పోయింది. ఆ ఒక్క జింక అతనికి ఆ పెట్టె మీద గట్టి నమ్మకం కలిగించింది.

షాట్, జాడ

థాంక్స్‌గివింగ్‌కు ముందు శనివారం మొదలయ్యే తొమ్మిది రోజుల గన్ సీజన్‌లో, ఒక సాయంత్రం పొద్దు వాలుతుండగా మగ జింక మంచె వెనక వైపు నుంచి వచ్చింది. లేజర్ రేంజ్‌ఫైండర్‌లో దూరం 30 గజాలు. జింక పూర్తిగా పక్కకు కాకుండా కాస్త అతని వైపు తిరిగి నడుస్తోంది. గురి కుడి భుజం మీద పెట్టాడు. దెబ్బకు జింక కూలబడి, వెంటనే లేచి మూడు కాళ్ల మీద లోయలోకి దిగిపోయింది.

నేను వెళ్లేసరికి చీకటి పడింది. దెబ్బ తగిలిన చోట గోధుమరంగు వెంట్రుకలు, తెల్లటి ఎముక ముక్కలు, బాగానే రక్తం. కొత్తవాళ్లు ఇంత రక్తం చూడగానే జింక దగ్గర్లోనే పడి ఉంటుందనుకుంటారు. నన్ను కలవరపెట్టింది ఆ రక్తంలో లేనిది. ఊపిరితిత్తులకు తగిలితే రక్తం గులాబి రంగులో, నురగతో ఉంటుంది. ఇక్కడ నురగ లేదు. కండ నుంచి కారే రక్తం మొదట ధారగా వచ్చి త్వరగా తగ్గిపోతుంది. ఇక్కడ నూటయాభై గజాలు దాటేసరికి ఆకుల మీద చుక్కలే మిగిలాయి. అక్కడితో ఆపేశాం. గాయపడిన జింకను రాత్రి తరిమితే మైళ్ల దూరం పోతుంది. గడ్డకట్టే చలి కాబట్టి మాంసం పాడవదు. ఆ నిర్ణయం సరైనదే, కానీ అప్పటికే గాయపడిన ప్రాణిని అడవిలో వదిలి వెనక్కి రావడం అంత తేలికైన సంగతి కాదు.

మర్నాడు ఉదయం వాసన పట్టే కుక్కను తాడుతో నడిపిస్తూ వెతికితే దాదాపు ఆరు వందల గజాల అవతల వాగు ఒడ్డున కనిపించింది. ఇంకా ప్రాణం ఉంది. దాని బాధ అక్కడితో ముగించాం.

కోసి చూస్తే కనిపించినది

నేను ప్రతి జింకనూ తోలు తీసేటప్పుడు బుల్లెట్ దారిని కొలిచి రాసుకుంటాను. వేటలో బుల్లెట్ గురించి ఏ ప్రకటనా చెప్పలేని సంగతులు ఆ దారిలో కనిపిస్తాయి. చర్మం మీద రంధ్రం చిన్నదే. తోలు తీశాక భుజం కండలో దాదాపు అయిదు అంగుళాల వెడల్పున గుంట, చుట్టూ నలిగి నల్లబడ్డ మాంసం. ముందుకాలి పై ఎముక తల జబ్బ ఎముకను కలిసే కీలు ముక్కలైపోయింది. దాని వెనక రెండు పక్కటెముకలు విరిగాయి. ఇవతలి ఊపిరితిత్తి ముందు భాగం కమిలి, అక్కడక్కడ సన్నటి ముక్కలు గుచ్చుకుని ఉంది. అవతలి ఊపిరితిత్తికి, గుండెకు, పెద్ద రక్తనాళాలకు ఏమీ కాలేదు. బయటకు పోయిన రంధ్రం లేదు.

దొరికిన అన్నింటికన్నా పెద్ద ముక్క, సీసం దాదాపుగా ఖాళీ అయిపోయిన రాగి తొడుగు. తుపాకీ మందు తూచే త్రాసు మీద 41 గ్రెయిన్లు తూగింది. అంటే 150 గ్రెయిన్లలో నాలుగో వంతుకు కాస్త ఎక్కువ. మిగతాదంతా భుజంలోనే చెదిరిపోయింది. జింక ఛాతీ అడ్డంగా పది, పన్నెండు అంగుళాలకు మించదు. ఈ బుల్లెట్ అందులో సగం దూరం కూడా పోలేదు.

ముందు పక్కన పెట్టాల్సిన అనుమానాలు

బుల్లెట్‌ను తప్పుపట్టే ముందు కాల్చినవాడిని, రైఫిల్‌ను పరీక్షించాలి. నా తరగతుల్లో పదే పదే చెప్పే మాట ఇది. వారం తిరగకుండానే షూటింగ్ సాధన చేసే రేంజ్‌కు వెళ్లి కాల్చి చూశాం. వంద గజాల దగ్గర బుల్లెట్లు అంగుళంన్నర లోపల పడ్డాయి, గురి చూసే స్కోప్ కదలలేదు. జింక మీద దెబ్బ కూడా అతను గురిపెట్టిన చోటే తగిలింది. భుజం మీద గురిపెట్టడం తప్పా అని కొందరు అడుగుతారు. ఆ కోణంలో జింక నిలబడ్డప్పుడు భుజం వెనకే ఊపిరితిత్తులు, గుండె ఉంటాయి. ఎముకను దాటి లోపలికి పోగల బుల్లెట్ ఉంటే అది మంచి షాటే. కొమ్మ తగిలి బుల్లెట్ ముందే విచ్చుకుందేమో అని కూడా చూశాం. మంచెకూ జింక నిలబడ్డ చోటుకూ మధ్య అలాంటి గుర్తేమీ కనిపించలేదు, చర్మం మీద రంధ్రం గుండ్రంగా శుభ్రంగా ఉంది.

ఇక మిగిలింది బుల్లెట్ తగిలిన వేగం, దాని నిర్మాణం.

వేగం ఏం చేసింది

ఇక్కడ కాస్త అంకెలు తప్పవు. ఈ రకం 150 గ్రెయిన్ల మామూలు మొన బుల్లెట్‌కు ఫ్యాక్టరీ పట్టికలు ఇచ్చే వేగాలు సెకనుకు సుమారుగా ఇలా ఉంటాయి: తుపాకీ గొట్టం (బ్యారెల్) చివర 3,290 అడుగులు, 100 గజాల దగ్గర 2,950, 200 దగ్గర 2,635, 300 దగ్గర 2,340. దీన్ని బట్టి 30 గజాల దగ్గర వేగం దాదాపు 3,180 అడుగులు, 290 గజాల దగ్గర దాదాపు 2,370.

శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. దగ్గరి జింకకు తగిలిన బుల్లెట్ శక్తి సుమారు 3,370 ఫుట్-పౌండ్లు. దూరపు జింకకు తగిలినది 1,870. దాదాపు రెట్టింపు శక్తితో తగిలిన బుల్లెట్ సగం పని కూడా చేయలేకపోయింది. జింకకు ఇన్ని ఫుట్-పౌండ్లు కావాలి అని అంకె చెప్పే సలహాల మీద నాకు నమ్మకం లేకపోవడానికి ఇదే కారణం. శక్తి ఎంత ఉందన్నదాని కన్నా అది ఏ లోతున ఖర్చయిందన్నది ముఖ్యం. భుజం కండలో ఖర్చయిన శక్తి జింకను కుంటిదాన్ని చేస్తుంది, ఊపిరితిత్తుల్లో ఖర్చయితే కొన్ని క్షణాల్లో పడగొడుతుంది.

ఇంజినీరుగా నాకు ఇంకో లెక్క ఎక్కువ నచ్చుతుంది. దేహంలో ఎక్కువ భాగం నీరే కాబట్టి, బుల్లెట్ మొన మీద పడే ఒత్తిడిని నీటి సాంద్రతతో ఉజ్జాయింపుగా కట్టవచ్చు: సాంద్రతలో సగాన్ని వేగం వర్గంతో గుణించాలి. 3,180 అడుగుల వేగం సెకనుకు 970 మీటర్ల లెక్క. అప్పుడు ఒత్తిడి దాదాపు 470 మెగాపాస్కల్స్. 2,370 అడుగుల దగ్గర అది 260. 1,800 అడుగుల దగ్గర 150. స్వచ్ఛమైన సీసం తన్యబలం, అంటే లాగితే తెగకుండా ఓర్చుకునే హద్దు, 20 మెగాపాస్కల్స్ లోపే. మెత్తబరచిన రాగిది 200 పైచిలుకు. ఈ మూడు ఒత్తిళ్లలో దేన్నీ సీసం తట్టుకోలేదు, విచ్చుకుని తీరుతుంది. అది విచ్చుకోవడం మనకు కావలసిందే. అయితే ఆ విచ్చుకోవడాన్ని ఒక చోట ఆపాల్సిన పని తొడుగుది. 260 దగ్గర పలుచని తొడుగు ఎలాగో ఓర్చుకుని, చీలి, వెనక్కి మడుచుకుని ఆగింది. 470 దగ్గర ఆగలేకపోయింది. దానికి తోడు మొట్టమొదట తగిలింది నీరు కాదు, గట్టి ఎముక.

బుల్లెట్ గిర్రున తిరగడం వల్ల చిట్లిందేమో అని మిత్రుడు అడిగాడు, మంచి ప్రశ్న. పది అంగుళాలకు ఒక చుట్టు తిప్పే బ్యారెల్‌లో ఈ బుల్లెట్ నిమిషానికి 2,36,000కు పైగా చుట్లు తిరుగుతుంది. అది తొడుగును బయటకు లాగుతుంది, నిజమే. కానీ గాలిలో పోతుండగా ముందుకు పోయే వేగం తగ్గినంత త్వరగా తిరుగుడు తగ్గదు. 290 గజాల దగ్గర కూడా బుల్లెట్ దాదాపు అంతే తిరుగుతూ ఉంటుంది. రెండు జింకల మధ్య తేడాకు కారణం తిరుగుడు కాదు, తగిలిన వేగమే.

భుజం మాంసం అంతగా ఎందుకు పాడైందో కూడా ఇక్కడే తెలుస్తుంది. వేగంగా దూరే బుల్లెట్ చుట్టూ కండ ఒక్కసారిగా బయటకు సాగి మళ్లీ మూసుకుంటుంది. సాగే గుణమున్న ఊపిరితిత్తి ఆ సాగుడును చాలావరకు తట్టుకుంటుంది. బుల్లెట్ ముక్కలై కండను అప్పటికే చిల్లులు పొడిచి ఉంటే మాత్రం అది సాగినప్పుడు ఆ చిల్లుల వెంట చిరిగిపోతుంది. 1980లలో అమెరికా సైన్యం తరఫున బుల్లెట్ గాయాలను అధ్యయనం చేసిన వైద్యుడు మార్టిన్ ఫ్యాక్లర్ గట్టిగా చెప్పిన విషయాల్లో ఇదొకటి. మేం చూసిన అయిదు అంగుళాల గుంట అచ్చం అలాంటిదే.

అనుమానం తీరడానికి నీళ్లు నింపిన గాలన్ డబ్బాలను వరుసగా పెట్టి కాల్చి చూశాం. నీరు జింక కాదు, ఎముక అసలే కాదు. లోతును సరిగా కొలవాలంటే నాలుగు డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచిన పది శాతం జెలటిన్ కావాలి. అయినా ఒకే బుల్లెట్ రెండు వేగాల దగ్గర ఎలా ప్రవర్తిస్తుందో పోల్చడానికి నీళ్ల డబ్బాలు చాలు. దగ్గర నుంచి కాల్చినప్పుడు మొదటి డబ్బా పేలిపోయింది, ముక్కలు మూడో డబ్బాలో ఆగాయి. మందు తగ్గించి నింపి, దాదాపు 2,400 అడుగుల వేగంతో అదే బుల్లెట్‌ను కాలిస్తే అయిదో డబ్బాలో పుట్టగొడుగులా చక్కగా విచ్చుకుని దొరికింది. రెండింటినీ మిత్రుడి అరచేతిలో పెట్టాక ఇంకేమీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

నిర్మాణం అనే సగం

ఇది కొత్తగా కనుక్కున్న సమస్య కాదు. 1946లో జాన్ నోస్లర్ అనే వేటగాడు బ్రిటిష్ కొలంబియాలో మూస్‌ను వేటాడుతుండగా, మాగ్నమ్ రైఫిల్ నుంచి వేగంగా వెళ్లిన బుల్లెట్లు దాని గట్టి భుజాన్ని దాటి లోపలికి పోలేదు. ఆ అనుభవం నుంచే పార్టిషన్ బుల్లెట్ పుట్టింది. తొడుగు మధ్యలో రాగి అడ్డుగోడ, దానికి ముందు కొంత సీసం, వెనక కొంత. ముందు భాగం చిట్లిపోయినా వెనక భాగం గట్టిగా నిలిచి లోపలికి దూసుకుపోతుంది. మూడింట రెండు వంతుల బరువు మిగలడం దానికి మామూలే.

తర్వాత వచ్చిన బాండెడ్ బుల్లెట్లలో సీసాన్ని తొడుగుకు లోహబంధంతో అతికిస్తారు కాబట్టి అవి విడిపోవు. 1989లో బార్న్స్ ఎక్స్ బుల్లెట్‌తో పూర్తిగా రాగితోనే చేసిన వేట బుల్లెట్లు ప్రచారంలోకి వచ్చాయి. మొనలో ఉన్న బోలును దేహంలోని ద్రవం తెరుస్తుంది, రాగి రేకులుగా వెనక్కి మడుచుకుంటుంది, కాడ మాత్రం గట్టిగానే ఉంటుంది. సాధారణంగా 95 శాతానికి పైగా బరువు మిగులుతుంది.

మామూలు సీసం బుల్లెట్లను నేను కొట్టిపారేయను. 1895లో వచ్చిన .30-30 విన్‌చెస్టర్‌ను చూడండి. 150 గ్రెయిన్ల బుల్లెట్ గొట్టం చివర సెకనుకు 2,390 అడుగులే పోతుంది. అడవుల్లో యాభై, వంద గజాల దగ్గర అది తరతరాలుగా జింకలను నమ్మకంగా పడగొడుతోంది. దానికి అమర్చే బుల్లెట్‌ను ఆ వేగానికి తగినట్టే మెత్తగా చేస్తారు. మన కేసులో దూరపు జింకకు తగిలిన వేగం 2,370, అంటే .30-30 గొట్టం దగ్గర ఉండే వేగమే. మామూలు నిర్మాణానికి అది అనువైన వేగం కాబట్టి ఆ బుల్లెట్ అక్కడ చక్కగా పనిచేసింది. మిత్రుడు అడిగిన ప్రశ్నకు నేను చెప్పిన జవాబు ఇదే.

రెండో అంచును, అంటే వేగం మరీ తగ్గిపోవడాన్ని, కూడా మరిచిపోకూడదు. రాగి బుల్లెట్ గట్టిది కాబట్టి వేగం బాగా తగ్గితే విచ్చుకోదు. చాలా రాగి బుల్లెట్లకు తగిలేటప్పుడు సెకనుకు 1,800 నుంచి 2,000 అడుగులైనా ఉండాలి. దూరం కోసం ప్రత్యేకంగా చేసినవి కొన్ని అంతకన్నా తక్కువలోనూ తెరుచుకుంటాయి. నాకు తెలిసిన ఒకాయన 16 అంగుళాల పొట్టి బ్యారెల్ ఉన్న .308 రైఫిల్‌తో రాగి బుల్లెట్‌ను మూడు వందల గజాలకు పైగా దూరంలో కాల్చాడు. బ్యారెల్ ఒక అంగుళం తగ్గితే సెకనుకు 20, 30 అడుగుల వేగం పోతుంది. ఆ జింక రెండు ఊపిరితిత్తుల్లోనూ సన్నటి రంధ్రమే పడింది. దొరకడం దొరికింది, కానీ చాలా దూరం పరుగెత్తాక. అక్కడ గట్టి నిర్మాణమే చేటు చేసింది.

ఏం మార్చాం

మిత్రుడికి మొదట తోచింది రైఫిల్ అమ్మేసి .308 కొనడం. ఆలోచన చెడ్డదేమీ కాదు. 150 గ్రెయిన్ల .308 బుల్లెట్ 2,820 అడుగులతో బయల్దేరుతుంది, 30 గజాల దగ్గర 2,730 ఉంటుంది, మామూలు నిర్మాణం మీద భారం బాగా తగ్గుతుంది. అయితే రైఫిల్ అతనికి అలవాటైంది, బుల్లెట్ మారిస్తే సరిపోయేదానికి రైఫిల్ మార్చడం ఎందుకన్నాను.

అదే రైఫిల్‌లో బరువు పెంచితే ఏమవుతుందో చూశాం. ఈ కేసులో నన్ను అన్నింటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసిన అంకెలు ఇక్కడే దొరికాయి. 180 గ్రెయిన్ల బుల్లెట్ గొట్టం చివర 2,960 అడుగులు. 150 గ్రెయిన్లది 3,290. తేడా 330. ఫ్యాక్టరీ పట్టికల్లో 300 గజాల దగ్గర చూస్తే రెండూ దాదాపు 2,340 అడుగుల వద్ద కలిసిపోతాయి. బరువైన బుల్లెట్ గాలిలో వేగాన్ని మెరుగ్గా నిలుపుకుంటుంది కాబట్టి ఇలా జరుగుతుంది. అంటే డబ్బు పెట్టి కొన్న ఆ అదనపు వేగమంతా దగ్గరి షాట్ల దగ్గరే ఉంది, సరిగ్గా అది చేటు చేసే చోట. దూరంలో దాని లాభం 300 గజాల దగ్గర బుల్లెట్ ఒక అంగుళం అటూ ఇటూగా తక్కువ కిందికి జారడం, అంతే. జింక ప్రాణస్థానం ఎనిమిది, పది అంగుళాల వెడల్పుంటుంది. ఆ అంగుళం కోసం ఎవరూ దగ్గరి షాట్‌ను పణంగా పెట్టనక్కర్లేదు. సెక్షనల్ డెన్సిటీ, అంటే అడ్డుకోతకు తగిన బరువు, 150 గ్రెయిన్లకు 0.226, 180కి 0.271. ఒకే నిర్మాణమైతే రెండోది ఇంకా లోతుకు పోతుంది.

180 గ్రెయిన్ల బాండెడ్ బుల్లెట్‌తోనే కేసు ముగిసి ఉండేది. మిత్రుడి ఇంట్లో చిన్న పిల్ల ఉంది, వాళ్లు ఏడాది పొడవునా ఈ మాంసమే వండుకుంటారు. అందువల్ల సీసం సంగతి కూడా లెక్కలోకి తీసుకోక తప్పలేదు.

మాంసంలో సీసం

ఈ విషయంలో నాకు ఖచ్చితమైన అభిప్రాయం ఉంది. వేగంగా తగిలి చిట్లిన సీసం కంటికి కనిపించనంత సన్నటి ముక్కలై, గాయం నుంచి అంగుళాల దూరం దాకా చెదురుతుంది. ఎక్స్‌రేలో తప్ప తెలియదు. 2008లో నార్త్ డకోటాలో పేదలకు దానంగా ఇచ్చిన జింక మాంసంలో సీసం ముక్కలు బయటపడ్డాక, అమెరికా రోగ నియంత్రణ కేంద్రం సీడీసీ అక్కడి 738 మంది రక్తాన్ని పరీక్షించింది. వేట మాంసం తినేవారి రక్తంలో సీసం తిననివారి కన్నా కొద్దిగా ఎక్కువగా ఉంది. పెద్దవాళ్లకు ఆ తేడా చిన్నదే కావచ్చు, ఎదిగే పిల్లలకు మాత్రం సీసం ఎంత తక్కువైతే అంత మంచిది. కాలిఫోర్నియా 2019 జులై 1 నుంచి వేటలో సీసం కార్ట్రిడ్జ్‌లను పూర్తిగా నిషేధించింది. అక్కడ వేటాడిన జంతువుల అవశేషాలు తిని కాండర్ పక్షులు సీసం విషంతో చనిపోవడం ఆ నిర్ణయం వెనక ఉన్న ప్రధాన కారణాల్లో ఒకటి. విస్కాన్సిన్‌లో అలాంటి నిషేధం లేదు, నిర్ణయం వేటగాడిదే.

మన ఇళ్లలో ఒక ప్రత్యేకమైన సంగతి ఉంది. భుజం మాంసాన్ని పారేయడం ఇష్టం లేక కైమా కొట్టిస్తాం. గాయం పక్కనున్న మాంసాన్ని మిషన్‌లో వేస్తే అందులోని సీసం మొత్తం కైమాలో కలిసిపోతుంది. సీసం బుల్లెట్ వాడితే నలిగిన చోటికి చుట్టూ చేతివెడల్పు మేర శుభ్రంగా కోసి తీసేయమని తరగతిలో చెబుతాను. ఈ కేసులోని మగ జింక భుజమంతా మేం తీసేశాం.

ఈ కారణాలన్నీ కలిసి నిర్ణయాన్ని 165 గ్రెయిన్ల రాగి బుల్లెట్ వైపు తిప్పాయి. రాగి బరువు నిలుపుకుంటుంది కాబట్టి 180 దాకా పోనక్కర్లేదు. దగ్గర ఎంత వేగంగా తగిలినా కాడ చిట్లదు. మిత్రుడు కాల్చే గరిష్ఠ దూరం దగ్గర కూడా వేగం 2,300 అడుగుల పైనే ఉంటుందని లెక్క కట్టాం, అది తెరుచుకోవడానికి కావలసిన వేగం కన్నా చాలా ఎక్కువ. రాగి సీసం కన్నా తేలిక కాబట్టి అదే బరువుకు బుల్లెట్ పొడవవుతుంది. కొన్ని బ్యారెళ్లకు పొడవు బుల్లెట్ నచ్చదు. అతని రైఫిల్‌లో ఇబ్బంది రాలేదు, కానీ తగిలే చోటు పాత బుల్లెట్ కన్నా కిందికి దిగింది. స్కోప్ సరిచేసుకోవాల్సి వచ్చింది. బుల్లెట్ మార్చిన ప్రతిసారీ ఈ పని తప్పదు. పెట్టె మీద అదే కార్ట్రిడ్జ్ పేరు ఉంది కదా అని నేరుగా అడవికి వెళ్లేవాళ్లను ఏటా చూస్తుంటాను, దయచేసి అలా చేయకండి.

తర్వాతి సీజన్

అదే మంచె, ఈసారి ఆడ జింక, దూరం 40 గజాల లోపే. మళ్లీ కాస్త ఎదురుగా తిరిగి ఉంది, మళ్లీ భుజమే అడ్డం. బుల్లెట్ జబ్బ ఎముకను, రెండు ఊపిరితిత్తులను దాటి అవతలి పక్కటెముకల వెనక నుంచి బయటకు పోయింది. నెత్తుటి జాడ వెడల్పుగా, నురగతో ఉంది. జింక యాభై గజాల లోపే పడిపోయింది. బుల్లెట్ బయటకు పోయింది కాబట్టి తూచడానికి దొరకలేదు. భుజంలో పాడైన మాంసం గుప్పెడు.

ఒక జింకతో ఏదీ రుజువైపోదు. అదే కోణంలో ఎముక ఇంకాస్త గట్టిగా ఉండే ముసలి మగ జింక ఎదురైతే ఏమవుతుందో ఇంకా చూడాలి. దూరపు వైపు కూడా పరీక్ష మిగిలే ఉంది. అందుకని మిత్రుడు తనకు తాను 300 గజాల హద్దు పెట్టుకున్నాడు. రేంజ్‌లో ఆ దూరం దగ్గర కూర్చున్న భంగిమ నుంచి ఎనిమిది అంగుళాల పళ్లెంలో ప్రతి బుల్లెట్టూ పడే దాకా లోయ అవతలి చేనులోకి కాల్చనన్నాడు. పాత పెట్టెలో మిగిలిన 150 గ్రెయిన్ల కార్ట్రిడ్జ్‌లు ఇప్పుడు రేంజ్‌లో కాగితం మీద సాధన చేయడానికే వాడుతున్నాడు. సీజన్‌కు ముందు రాగి బుల్లెట్లతో స్కోప్ మళ్లీ చూసుకుంటాడు.